సకుటుంబ సపరివారం అంటే ఎవరెవరు? పండగ పిలుపులు, పిల్లలు, పెంపుడు కుక్కలు

మూడు లాంతర్లు (విజయనగరం)

సభ్యులందరికీ నమస్కారం. దసరా వెళ్ళిన తరువాత వచ్చే మంగళవారం పైడితల్లమ్మ సిరిమానోత్సవం. మా ఇల్లు సిరిమాను, అంటే చివర పూజారి కూర్చునే పొడవాటి మాను, తిరిగే దారిలోనే ఉంది. అమ్మవారి గుడి నుంచి కోట వరకు సిరిమాను మూడుసార్లు వెళ్ళి వస్తుంది కనుక, మా మేడ మీద నిలబడినవారికి కన్నులపండువగా దర్శనం అవుతుంది. అందుచేత తొలేళ్ళ నాడే, అంటే సోమవారం మధ్యాహ్నానికే, మా ఇంటికి నలభై మంది వరకు చుట్టాలు చేరుకుంటారు. ఇది మా నాన్నగారి కాలం నుంచి వస్తున్న ఆనవాయితీ. దానిని నిలబెట్టుకోవాలన్నదే నా కోరిక.

నిరుడు మా పెదనాన్నగారి అబ్బాయి, మా వదినగారు తమ లాబ్రడార్ కుక్కను వెంటబెట్టుకుని వచ్చారు. వస్తున్నామని ఫోను చేశారు గాని కుక్క మాట చెప్పలేదు. ఇంట్లోకి వచ్చాక ఏమీ అనలేక, మేడ మీద నీళ్ళ ట్యాంకు పక్కన కట్టుకోమని నేనే చోటు చూపించాను. సిరిమాను కదిలే వేళకు డప్పులు, జనం కేకలు ఒక్కసారిగా మిన్నంటేసరికి అది బెదిరిపోయి, గొలుసు విడిపించుకుని మెట్ల మీదుగా కిందికి పరుగెత్తింది. అదే మెట్లు ఎక్కి వస్తున్న మా చెల్లెలి నాలుగేళ్ళ కూతురు పడిపోయింది. కుక్క గోరు తగిలి పాప మోచేతి కింద చర్మం గీసుకుంది. కరవలేదు. మా చెల్లెలు కోపం పట్టలేక నాలుగు మాటలు అంది. దానికి అన్నయ్య, "అది కుక్క కాదు, మా బిడ్డ. సకుటుంబ సపరివార సమేతంగా రమ్మని శుభలేఖల్లో అచ్చు వేయించేది మీరే కదా, బిడ్డను ఇంట్లో పెట్టి తాళం వేసి రమ్మంటారా?" అని అడిగి, భోజనం చేయకుండానే వెళ్ళిపోయారు. ఆనాటి నుంచి ఆ రెండు ఇళ్ళ మధ్య మాటల్లేవు.

ఈ ఏడాది ఇద్దరినీ పిలవాలి. ఎవరినీ వదులుకోలేను. కుక్కను తేవద్దని ఎలా చెప్పాలో, అసలు చెప్పవచ్చో లేదో తేల్చుకోలేకపోతున్నాను. మా ఆవిడ మరొక మాట అంటోంది: కుక్కను వద్దన్న నోటితోనే, మేడ మీద పిట్టగోడ ఎక్కి కూర్చునే పిల్లల సంగతి వారి తల్లిదండ్రులకు చెప్పకపోతే అది న్యాయం కాదని. పెద్దలు, అనుభవం ఉన్నవారు దయచేసి మీ అభిప్రాయాలు రాయండి.

నాగావళి గట్టు (శ్రీకాకుళం)

బాబూ, మీ అన్నయ్యగారు అన్న మాటకు జవాబు మన పాత పిలుపుల్లోనే ఉంది. మా అత్తగారి కాలంలో అచ్చు కార్డు వచ్చినా రాకపోయినా, ఆడవాళ్ళు ఇంటికి వెళ్ళి బొట్టు పెట్టి పిలిచేవారు. ఆ పిలుపులో ఎవరెవరు రావాలో నోటితోనే తెలిసిపోయేది. "ఇంటిల్లిపాదీ రావాలి, ఆ రోజు మీ ఇంట్లో పొయ్యి రాజెయ్యకూడదు" అంటే పసిపిల్లల దగ్గర నుంచి ముసలివారి దాకా అందరికీ పిలుపు అన్నమాట. "అమ్మా, నువ్వొకసారి వచ్చి పసుపు కుంకుమ పుచ్చుకో" అంటే ఆ ఇల్లాలికి మాత్రమే. ఎవరూ నొచ్చుకునేవారు కాదు, ఎందుకంటే పిలిచిన మనిషి ఎదురుగా నిలబడి చెప్పేది. ఇప్పుడు వాట్సాప్‌లో ఒకే బొమ్మ మూడు వందల మందికి వెళుతోంది. అందులో ఉన్న సకుటుంబ సపరివారం అన్న మాటను ఎవరికి వీలైనట్టు వారు అర్థం చేసుకుంటున్నారు.

పిల్లల విషయంలో నాకు రెండో ఆలోచన లేదు. పిల్లలు లేని పండగ పండగే కాదు. అయితే వారిని రమ్మన్నవారు వారి కోసం ఏర్పాటు కూడా చేసేవారు. మొదటి బంతి పిల్లలదే. పెద్దలు ఎదురుగా నిలబడి, ఉప్పు కారం తక్కువ వేసి, వడ్డించి, కడుపు నింపి, ఆ తరువాతే తాము కూర్చునేవారు. ఆకలి తీరిన పిల్లలు అల్లరి చేయరు, ఒక మూల నిద్రపోతారు. ఈనాడు బఫే పెట్టి, రాత్రి పది గంటల వరకు పిల్లవాడిని ఆకలితో తిప్పి, వాడు ఏడిస్తే పెంపకం బాగాలేదంటున్నాం.

కుక్క మాటకు వస్తే, ఇంటివారంతా పెళ్ళికి వెళితే ఇంటికి కాపలా ఉండేది అదే కనుక, దానిని తీసుకువెళ్ళే ప్రశ్నే ఆ రోజుల్లో రాలేదు. కనుక దీనికి ఆనవాయితీ ఏదీ లేదు. ఆనవాయితీ లేని చోట అడగడమే మర్యాద. మీ అన్నయ్యగారు అడగలేదు, మీరూ ఆరా తీయలేదు.

పెద్దచెరువు పక్కన (విజయనగరం)

నేను కుక్కను పెంచుతున్నవాడిని. మా ఇంట్లో ఉన్నది జాతి కుక్క కాదు, వీధిలో దొరికిన ఊరకుక్క. ఆరేళ్ళుగా మాతోనే ఉంది. అవతలి పక్షం తరఫున నాలుగు మాటలు రాయాలనిపించింది.

కుక్కను ఎందుకు వెంట తెస్తారని అడిగేవారికి మా ఇబ్బంది పూర్తిగా తెలియదు. మహానగరాల్లో రోజుకు ఇంత అని డబ్బు తీసుకుని కుక్కలను చూసుకునే చోట్లు ఉన్నాయి. మన ఊళ్ళల్లో తెలిసినవారి దయ మీద ఆధారపడాలి. రెండు రోజుల ప్రయాణమంటే దానికి అన్నం, నీళ్ళు ఎవరు పెడతారు, బయటకు ఎవరు తిప్పుతారు అన్నది మాకు నిజమైన బెంగ. మీ అన్నయ్యగారు అది మా బిడ్డ అన్నది మిమ్మల్ని చిన్నబుచ్చడానికి కాదనే నేను నమ్ముతున్నాను.

అయినా ఆయన చేసింది తప్పేనని చెప్పక తప్పదు. అది పాప పట్ల చేసిన తప్పు మాత్రమే కాదు, ఆ కుక్క పట్ల చేసిన తప్పు కూడా. మనుషుల చెవికి సుమారు 20,000 హెర్ట్జ్ వరకు ఉన్న ధ్వనులే అందుతాయి. కుక్కలు సుమారు 45,000 హెర్ట్జ్ వరకు వినగలవు. మనం అసలు వినని శబ్దాలు కూడా వాటి చెవిలో పడతాయి. సిరిమాను నాటి డప్పుల మధ్య, తెలియని ఇంట్లో, తెలియని నలభై మంది నడుమ, పారిపోవడానికి వీల్లేకుండా కట్టేసిన ప్రాణి ఎంత నలిగిపోయి ఉంటుందో ఆలోచించండి. భయపడుతున్న కుక్క ముందుగానే చెబుతుంది: చెవులు వెనక్కి వాలుస్తుంది, తోకను కాళ్ళ మధ్యకు ముడుచుకుంటుంది, తిండి ఎదురుగా లేకపోయినా పెదవులు నాకుతుంది, నిద్ర రాకపోయినా ఆవులిస్తుంది. ఆ సంకేతాలను కనిపెట్టి పక్కకు తీసుకువెళ్ళవలసిన మనిషి ఆ వేళ పిట్టగోడ దగ్గర సిరిమానును చూస్తూ ఉన్నాడు. కుక్కను తెచ్చినవాడు ఆ పూట పండగ చూడటానికి రాలేదనే అనుకోవాలి. కుక్కను చూసుకోవడానికే వచ్చాడు. అందుకు సిద్ధంగా లేకపోతే తేకూడదు.

నేను పాటించేది చెబుతాను. పదిమందికి మించి కూడే చోటికి, మేళతాళాలు ఉన్న చోటికి, పూజ జరిగే చోటికి మా కుక్కను అడిగి కూడా తీసుకువెళ్ళను. ఇద్దరు ముగ్గురు స్నేహితులు కలిసే ఇంటికైతే రెండు రోజుల ముందు ఫోను చేసి, "మీ ఇంట్లో ఎవరికైనా భయం గాని, ఉబ్బసం గాని ఉందా? మొహమాటపడకుండా చెప్పండి" అని అడుగుతాను. జవాబు ఇవ్వడానికి ఎదుటివారు ఒక్క క్షణం తడబడినా సరే, దానిని వద్దన్నట్టుగానే తీసుకుంటాను.

ఎర్ర సంచి (రాజాం)

నేను ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో పనిచేస్తున్నాను. మొదటి సందేశంలో "కరవలేదు" అని రాసిన మాట నన్ను కలవరపెట్టింది. చర్చ మర్యాద గురించే అయినా, ఈ విషయం ముందుగా చెప్పకపోతే నా మనసు ఒప్పుకోదు.

కరవకపోయినా, గోరు గీసుకుని చర్మం లేచినా దానిని గాయంగానే చూడాలి. రక్తం రాని చిన్న గీత అయితే రేబిస్ టీకా వేయించాలి. రక్తం వచ్చినా, పుండు మీద కుక్క నాకినా, టీకాతో పాటు గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ (వైరస్‌ను వెంటనే అడ్డుకునే మందు) కూడా ఇవ్వవలసి ఉంటుంది. అన్నిటికంటే ముందు చేయవలసింది, ధారగా పడుతున్న నీటి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగటం. మన పక్క ఇప్పటికీ కారం అద్దేవారు, సున్నం రాసేవారు, పసుపు పెట్టి కట్టు కట్టేవారు ఉన్నారు. దయచేసి ఆ పని చేయవద్దు. చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో టీకా మొదటి రోజు, తరువాత 3, 7, 28వ రోజుల్లో వేస్తారు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో దీనికి డబ్బు తీసుకోరు. వ్యాధి లక్షణాలు బయటపడ్డాక ప్రాణం దక్కడం దాదాపు అసాధ్యం కనుకనే ఇంత గట్టిగా చెబుతున్నాను.

"మా కుక్కకు టీకాలన్నీ వేయించాం" అని యజమాని చెప్పడం మంచిదే, కాని ఆ మాట విని చికిత్స మానుకోకూడదు. చికిత్స మొదలుపెట్టి, కుక్కను పది రోజులు గమనించాలి. ఇక్కడే మర్యాద మాట వస్తుంది. గొడవపడి వెళ్ళిపోయిన చుట్టం ఇంటికి ఫోను చేసి "మీ కుక్క బాగానే ఉందా?" అని ఎవరు అడుగుతారు? అడిగితే అదొక నింద అనుకుంటారేమో అని వెనకాడతారు. కనుక అలాంటిది జరిగిన రోజునే కుక్క యజమాని టీకా కార్డు తానే చూపించి, పది రోజుల పాటు ప్రతిరోజూ తానే కబురు చెప్పాలి. పాపకు ఆనాడు టీకా వేయించారా?

మూడు లాంతర్లు (విజయనగరం)

వేయించామండి. ఆ సాయంత్రమే మా బావగారు పెద్దాసుపత్రికి తీసుకువెళ్ళారు, నాలుగు మోతాదులూ పూర్తయ్యాయి. కాని కుక్క సంగతి మేము అడగలేదు, వారూ చెప్పలేదు. మీరు రాసినది చదివాక, మా చెల్లెలు ఆ పది రోజులు ఎంత నలిగిపోయి ఉంటుందో ఇప్పుడు తెలుస్తోంది.

ఏకాండి (బొబ్బిలి)

అందరూ కుక్క గురించే రాస్తున్నారు. పిల్లల గురించి కూడా నిజం మాట్లాడుకోవాలి. మా ఇంట్లో ఒక బొబ్బిలి వీణ ఉంది. పనస మానును ఒకే దుంగగా తొలిచి చేసిన ఏకాండి వీణ. మా నాన్నగారు గొల్లపల్లిలో దగ్గరుండి చేయించుకున్నది. బొమ్మలకొలువు పేరంటానికి వచ్చిన ఒక తల్లి, ఆరేళ్ళ కొడుకును వెంట తెచ్చింది. వాడు గదిలోకి వెళ్ళి, ఒరలో ఉన్న వీణను బయటకు లాగి, దాని మీద ఎక్కి కూర్చున్నాడు. వీణ మెట్లు, అంటే తీగల కింద మైనంలో వరసగా నిలబెట్టే పట్టీలు, రెండు ఊడి వచ్చాయి. మెట్లు మళ్ళీ నిలబెట్టించుకోవచ్చు, కాని ఆ తల్లి నవ్వి, "చిన్నపిల్లాడు, వాడికేం తెలుసు" అన్న మాట మాత్రం నాలుగేళ్ళయినా నా చెవిలోంచి పోలేదు.

వాడికి తెలియదు, నిజమే. ఆమెకు తెలుసు కదా. కుక్కను తెచ్చినవాడు కుక్కను చూసుకోవడానికే వచ్చాడని పైన ఒకరు రాశారు. పిల్లలను తెచ్చినవారికి మాత్రం ఆ నియమం ఎందుకు వర్తించదు? విలువైన వస్తువులున్న ఇంట్లో, లేదా కచేరీ పెట్టుకున్న పూట, పెద్దవారు మాత్రమే రండి అని చెప్పే హక్కు గృహస్థుకు ఉండాలి.

ఏడు రోడ్ల కూడలి (శ్రీకాకుళం)

ఏకాండి గారూ, మీ వీణకు జరిగినదానికి నాకు నిజంగా బాధ కలిగింది. ఆ తల్లి ఆ వేళ క్షమాపణ చెప్పి, బాగు చేయించే ఖర్చు తానే పెట్టుకుంటానని అని ఉండవలసింది. కాని "పెద్దవారు మాత్రమే" అన్న మాటకు నా జీవితంలో ఏమి అర్థమో చెబుతాను.

నాకు పదినెలల బాబు ఉన్నాడు. మా అత్తగారు లేరు, మా అమ్మ ఉండేది టెక్కలిలో, మా ఆయన ఉద్యోగం వేరే జిల్లాలో. బాబును వదిలి వెళ్ళడానికి నాకు మనిషి లేదు, వాడు ఇంకా పాలు తాగుతున్నాడు. కనుక బాబును తేవద్దంటే నన్ను రావద్దన్నట్టే. ఈ పది నెలల్లో రెండు పిలుపులు అలాగే వచ్చాయి, రెంటికీ నేను వెళ్ళలేదు. వారు అన్న మాటకు నాకు కోపం రాలేదు. అవి నా చిన్ననాటి స్నేహితుల ఇళ్ళు కనుక, ఒంటరిగా కూర్చుని ఏడ్చాను, అంతే.

చంటిపిల్లల తల్లిని పిలిచేవారు ఇల్లంతా తలకిందులు చేయనక్కరలేదు. తలుపు వేసుకుని పాలు ఇచ్చుకోవడానికి ఒక గది, పడుకోబెట్టడానికి ఒక చాప ఉంటే చాలు. తల్లి వైపు నుంచి చేయవలసిందీ ఉంది. బాబుకు జ్వరమో, దగ్గో, ఒంటి మీద దద్దురులో ఉంటే ఎంత దగ్గరి చుట్టమైనా వెళ్ళకూడదు. తట్టు టీకా మొదటి మోతాదు తొమ్మిది నెలలు నిండాక గాని వేయరు కనుక, ఆ వయసు లోపు పసివారు అదే పందిట్లో మరెందరో ఉంటారు. మరొక చిన్న మనవి. మన జిల్లాలో అతిథికి పలాస జీడిపప్పు పళ్ళెంలో పెట్టడం గొప్ప మర్యాద. కాని అయిదేళ్ళలోపు పిల్లల చేతిలో జీడిపప్పు గాని, వేరుశనగ గుళ్ళు గాని గింజలుగానే పెట్టకండి, గొంతుకు అడ్డం పడతాయి. ఏడాది నిండని పసివాడి నాలుకకు ముద్దు చేస్తూ తేనె రాయకండి. నేను వద్దంటే "మా పిల్లలందరికీ రాశాం, ఏమైంది" అని నొచ్చుకునే పెద్దలు ఉన్నారు. అక్కడ తల్లి మాటను మన్నించడం కూడా మర్యాదలో భాగమే.

గాడిపొయ్యి (నరసన్నపేట)

నేను పెళ్ళిళ్ళకు, పండగలకు వంటలు చేయించే మనిషిని. పిల్లలూ కుక్కలూ రెండూ మా పొయ్యి దగ్గరికే వస్తాయి, ఎందుకంటే వాసన అక్కడి నుంచే వస్తుంది.

గాడిపొయ్యి మీద నుంచి దించిన సాంబారు గుండిగను ఆరడానికి నేల మీదే పెడతాం. దాని అంచు నాలుగేళ్ళ పిల్లవాడి నడుము ఎత్తులో ఉంటుంది. పరుగెత్తుకుంటూ వచ్చి చెయ్యి ఆనించినా, తూలినా ఏమవుతుందో నేను రాయనక్కరలేదు. నా సర్వీసులో ఒకసారి చూశాను, ఇంకొకసారి చూడలేను. అప్పటి నుంచి వంట చోటు చుట్టూ తాడు గాని, తడిక గాని కట్టకపోతే నేను పొయ్యి వెలిగించను. ఒకవేళ కాలితే ఇరవై నిమిషాలు చల్లని నీటి ధార కింద పెట్టి ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. టూత్‌పేస్టు, సిరా లాంటివి పూయవద్దు.

కుక్కల సంగతి. చుట్టాలు ముచ్చటపడి పరమాన్నం పెడతారు. అందులోని కిస్‌మిస్ కుక్కల మూత్రపిండాలను పాడుచేస్తుంది. ఉల్లిపాయ వేసిన కూర వాటి రక్తానికి చేటు. ఉడికిన కోడి ఎముక పెళుసుగా విరిగి పేగుల్లో గుచ్చుకుంటుంది. నలభై మంది తలా ఒక ముద్ద పెడితే యజమానికి తెలియను కూడా తెలియదు. వేరే ఇంటి కుక్కకు యజమానిని అడగకుండా ఏదీ పెట్టకూడదని ఆ పూట ఇంటివారు గట్టిగా చెప్పాలి.

వకాలతు (చీపురుపల్లి)

చట్టం సంగతి క్లుప్తంగా. తన ఆధీనంలో ఉన్న జంతువు వల్ల మనుషుల ప్రాణానికో, తీవ్రమైన గాయానికో ప్రమాదం కలగకుండా తగిన జాగ్రత్త తీసుకోకపోవడం నేరం. పాత శిక్షాస్మృతిలో ఇది 289వ సెక్షను. 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 291వ సెక్షను. ఆరు నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. మీ పాపకు తగిలిన గీత అంత దూరం వెళ్ళే విషయం కాదు, వెళ్ళకూడదు కూడా. అన్నదమ్ముల మధ్య దీనిని ప్రస్తావించవద్దని నా సలహా. కాని కుక్కను అదుపులో ఉంచుకోవడం యజమాని ఇష్టాయిష్టాల మీద ఆధారపడినది కాదని అందరూ తెలుసుకోవాలి.

రథసప్తమి (అరసవల్లి)

తెలుగు ఉపాధ్యాయుడిగా పదవీ విరమణ చేశాను. ఈ చర్చ చదువుతుంటే మహాభారతంలోని సరమ కథ గుర్తుకు వచ్చింది. జనమేజయుడు యాగం చేస్తుండగా, సరమ అనే దేవశునకం కొడుకు ఆడుకుంటూ ఆ యాగశాలకు వస్తుంది. రాజు తమ్ముళ్ళు దానిని కొడతారు. అది ఏడుస్తూ వెళ్ళి తల్లికి చెబుతుంది. సరమ నేరుగా సభకు వచ్చి, తగునో తగదో ఆలోచించకుండా బలహీనులకు కీడు చేసేవారికి కారణం తెలియని భయాలు వస్తాయని రాజు ముఖం మీదే చెబుతుంది. యాగశాలలోకి కుక్క రావచ్చునా అన్న చర్చను సరమ ఎత్తలేదు. తెలియక వచ్చినదాన్ని ఎందుకు కొట్టారన్నదే ఆమె ప్రశ్న. కుక్కకు గాని, వీణ ఎక్కిన ఆరేళ్ళవాడికి గాని పిలుపు గురించి తెలియదు. తెలిసినవారు ముందే మాట్లాడుకోవాలి. అందుచేత బాబూ, మీరు కార్డు పంపవద్దు. మీ అన్నయ్య ఇంటికి మీరే వెళ్ళండి.

పెద్దచెరువు పక్కన (విజయనగరం)

ఆ మాటకు ఒకటి కలుపుతాను. వెళ్ళినప్పుడు "కుక్కను తేకండి" అని మొదలుపెట్టకండి. కుక్క పేరు ఏమిటో తెలుసుకుని, ఆ పేరుతోనే పలకరించండి. పెంచినవారికి అది ఎంత ముఖ్యమో చెప్పలేను. పండగ రెండు రోజులూ దానిని ఉంచుకోవడానికి చోటు కావాలంటే మా ఇల్లు ఉంది. సిరిమాను దారికి దూరం, పెరడు ఉంది, మా కుక్క నెమ్మదస్తురాలు. నాకు వేదికలోనే విడిగా సందేశం పంపండి.

మూడు లాంతర్లు (విజయనగరం)

అందరికీ కృతజ్ఞతలు. నిన్న ఆదివారం నేనూ మా ఆవిడా విశాఖపట్నం వెళ్ళి వచ్చాం. మా ఆవిడ వదినగారికి బొట్టు పెట్టి, "మీరూ బావగారూ తొలేళ్ళకే రావాలి, మీరు రాకపోతే నిరుడు లాగే ఈసారీ మాకు అన్నం సయించదు" అని పిలిచింది. ఆ తరువాత నేను అన్నయ్యతో, డప్పుల మధ్య దానిని మేడ మీద కట్టించింది నేనే కనుక ఆ తప్పులో సగం నాదని చెప్పాను. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. లోపలికి వెళ్ళి కుక్క టీకా కార్డు తెచ్చి నా చేతిలో పెట్టి, "అమ్మాయికి చూపించు, నిరుడే చూపించి ఉండవలసింది" అన్నాడు. కుక్కను ఆ రెండు రోజులూ పెద్దచెరువు పక్కన గారి ఇంట్లో ఉంచడానికి ఒప్పుకున్నాడు. వారం ముందు ఒకసారి తీసుకువచ్చి, రెండు కుక్కలకూ పొసగుతుందో లేదో చూస్తానన్నాడు.

కార్డు ఫొటో చెల్లెలికి పంపాను. జవాబు రాలేదు గాని, రాత్రి మా బావగారు ఫోను చేసి, మేడ మెట్ల మొదట్లో చిన్న గేటు పెట్టించమని, పిట్టగోడ వెంబడి పిల్లలను చూసుకునే వంతు గంటకొకరి చొప్పున పెద్దలకు వేయమని, మొదటి గంట తనదేనని చెప్పారు. వడ్రంగి రేపు ఉదయం కొలతలు తీసుకోవడానికి వస్తున్నాడు.